రేడియోగ్రామ్ వెనక పలక

మావయ్య పోయారన్న వార్త నాకు, నేను ముఖం కూడా చూడకూడదనుకున్న మనిషి ఫోన్ స్టేటస్‌లో తెలిసింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, ఊరి శివారు బోద్రీలోని కోర్టులో డ్యూటీకి వెళ్తూ ఆటోలో ఉన్నాను. అత్తయ్య రెండుసార్లు ఫోన్ చేసిందట, రొదలో వినపడలేదు. ఫోన్ తెరిచి చూస్తే, బిలాస్‌పూర్‌లో పాతకాలపు అలంకరణలతో కాఫీ షాపు నడిపే ఒకడు మా మావయ్య ఫోటో పెట్టి, కింద జోడించిన చేతుల బొమ్మ పెట్టాడు. పగ కొద్దీ అతని నంబరు నేను తీసేయలేదు. ఫోటోలో మావయ్య పక్కన రేడియోగ్రామ్ ఉంది. ఏడుపు కన్నా ముందు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. రైల్వే కాలనీలో మాది పక్క క్వార్టర్. రెండూ విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కాబట్టి పక్కింటాయన మావయ్య, ఆవిడ అత్తయ్య అయిపోయారు. ఆయనది రైల్వేలో టెలిఫోన్ లైన్లు బాగుచేసే ఉద్యోగం. ఊరు వదిలి వెళ్తున్న ఒక ఆంగ్లో ఇండియన్ రైలు గార్డు, పాడైపోయిన రేడియోగ్రామ్‌ని ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడు. రేడియో, రికార్డు ప్లేయర్ కలిసి ఉండే పెద్ద చెక్క పెట్టె అది. మావయ్య దాన్ని మూడేళ్ళు బాగుచేశారు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడా దొరక్కపోతే రాగి తీగని లెక్కపెట్టుకుంటూ చేత్తో చుట్టారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ రోజుల్లో అత్తయ్య ఆయన్ని అన్నానికి సైగలతో పిలిచేది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పాటలు. ముందు స్విచ్ వేసి, తర్వాత టీ పెట్టేవారు. లోపలి గాజు వాల్వులు వేడెక్కడానికీ టీ మరగడానికీ సరిగ్గా సరిపోయేది. మేం పిల్లలం గోల పెడితే, "తొందరేటి? దానికీ ఒళ్ళు ఎచ్చబడాల గదా. సలికి వణికేవోడు పాడతాడేటి?" అనేవారు. పెట్టె వెనక పలక మీద అరచెయ్యి ఆనించి, చాలనుకున్నాక ముల్లు దించేవారు. అప్పుడు వచ్చే గొంతు మా మధ్యే కూర్చుని పాడుతున్నట్టుండేది. పాట నడుస్తుండగా మాట్లాడిన వాళ్ళకి మళ్ళీ పిలుపు ఉండేది కాదు. "కొంచెం సౌండు పెంచండి" అన్న పాపానికి ఒక ఇన్‌స్పెక్టర్‌గారికి ఆ ఇంట్లో పదేళ్ళు టీ పుట్టలేదు. మావయ్య మంచివారే గానీ, క్షమించేసే రకం కాదు. ఆ గుణం నాకు ఆయన దగ్గరే అబ్బింది.

సోల్డరింగ్ కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆడపిల్లకి ఇదెందుకని మా నాన్న అంటే ఆయన వినిపించుకోలేదు. "తీగని ఎచ్చబెట్టమ్మా, టంకం తనే వచ్చి అతుక్కుంటాది" అనేవారు. మనుషులతో కూడా ఆ పద్ధతే నాకు పనికొచ్చింది, ఒక్కడి విషయంలో తప్ప.

కొత్త పాటలంటే ఆయనకి చిన్నచూపు లేదు. పాతకాలపు బాణీలో చేసిన కొత్త పాట ఒకటి మా అమ్మాయి ఫోన్‌లో వినిపించింది. దాంట్లో రికార్డు గరగర కావాలని కలిపారు. ఆఖరిదాకా విని, "పాట బాగుంది. నేను జీవితమంతా తుడిసి తుడిసి పోగొట్టిన గరగర ఈళ్ళు కోరి తెచ్చుకున్నారేటి?" అని నవ్వారు. నవ్వి, మళ్ళీ వెయ్యమన్నారు.

అలాంటి మనిషి దగ్గరికి రెండేళ్ళ కిందట కాఫీ షాపు యజమాని వచ్చాడు. రేడియోగ్రామ్ ఇంట్లో మూలన పడి ఉండే బదులు తన షాపులో ఉంటే ఊరంతా వింటుందని హిందీలో తీయగా చెప్పాడు. మావయ్య ఏమీ తీసుకోకుండా ఇచ్చేశారు. ఆదివారాలు తానే వచ్చి రికార్డులు వేస్తానని మాత్రం అడిగారు. "హాఁ అంకుల్, ఆప్ కా హీ హై", అది మీదే కదా అన్నాడు.

షాపు తెరిచిన రోజు మావయ్యతో నేనూ వెళ్ళాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో ఆరు రికార్డులు పెట్టుకున్నారు. రేడియోగ్రామ్ కొత్త పాలిష్‌తో మెరుస్తోంది, పాట వస్తోంది. మావయ్య అలవాటుగా వెనక చెయ్యి పెట్టారు. చల్లగా ఉంది. పలక తీయించారు. వాల్వులు లేవు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు, స్పీకరు లేదు. ఖాళీ పెట్టెలో అరచేతంత బ్లూటూత్ డబ్బా ఒకటి కూర్చుని పాడుతోంది. "అందర్ కా కబాడీ కో దే దియా అంకుల్. లుక్ తో వహీ హై నా?" అన్నాడు. లోపలిదంతా పాత ఇనుము వాడికి ఇచ్చేశాడట, పైకి చూడ్డానికి అదే కదా అట.

నాలుగు రోజులు నా స్కూటీ వెనక కూర్చుని ఊళ్ళో పాత సామాన్ల కొట్లన్నీ, పక్క ఊరు బిల్హా దాకా తిరిగారు. చివరికి ఒక కొట్టువాడు రాగి తీగ ఉండ చూపించాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ని అప్పటికే విప్పేశారు. మావయ్య దాన్ని ముట్టుకోలేదు. తిరిగొస్తూ, "లోపల ముట్టుకోవద్దని సెప్పలేదమ్మా. సెప్పాల్సొస్తాదని అనుకోలేదు" అన్నారు.

ఆ పెట్టె వల్లే పోయారని నేను అనను. షుగరు, గుండె, డాక్టరు చెప్పింది అదే. కానీ ఈ రెండేళ్ళూ ఆదివారం మూడింటికి ఆయన టీ తాగలేదు. అది ఎవరి పుణ్యమో నాకు తెలుసు.

పన్నెండో రోజు అయిపోయాక, ఆదివారం సాయంత్రం అతను తన షాపులో సంస్మరణ సభ పెట్టాడు. మావయ్యతో పనిచేసి రిటైరైన వాళ్ళందరినీ పిలిచాడు. అత్తయ్య రానంది. "నువ్వెల్లమ్మా. ఆ ఖాళీ పెట్టె మీద ఆయన పేరు ఉండకూడదు. నాకింకేటీ వద్దు" అంది.

వెళ్ళేసరికి రేడియోగ్రామ్ మీద మావయ్య ఫోటో, దానికి దండ. అందరి చేతుల్లో కాఫీ కప్పులు. అతను మైకు పట్టుకుని, ఇది అంకుల్ బాగుచేసిన సెట్టు, మీరు వింటున్నది ఆయన చేతి సౌండు అని హిందీలో చెప్పాడు. పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాకు చెవుల్లో నిప్పులు పోసినట్టయింది.

లేచి, ఫోటో దించి అక్కడున్న ఒకాయన చేతిలో పెట్టాను. పెట్టెని గోడ దగ్గర నుంచి లాగి, వీపు జనం వైపు వచ్చేలా తిప్పాను. "దీదీ, యే క్యా కర్ రహీ హో?", ఏం చేస్తున్నావంటూ అతను పరిగెత్తుకొచ్చాడు. బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి నాలుగు స్క్రూలూ విప్పాను. సంతోషంగా ఉంది, దాచుకోను. పలక నేల మీద పెట్టి, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

అందరూ వంగి చూశారు. మావయ్య కింద ఇరవయ్యేళ్ళు పనిచేసిన పెద్దాయన అందరికన్నా ఎక్కువసేపు చూశాడు. "అచ్ఛా, ఇది అలమారా" అన్నాడు. చేతిలో సగం తాగిన కప్పుని ఆ ఖాళీలో పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. వెనకాలే ఇంకొకాయన లేచాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు.

అత్తయ్య కోసం ఫోటో తీసుకుని నేను ఆఖరున లేచాను. పద్నాలుగు ఎంగిలి కప్పులు పెట్టెలో వరసగా ఉన్నాయి. వాటి మధ్య నీలం దీపం వెలిగించుకుని ఆ డబ్బా ఇంకా పాడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి లోపలికి చెయ్యి పెట్టిన యజమాని, ఏ కప్పు ముందు తీయాలో తెలియక అలాగే నిలబడ్డాడు.