మాలలో మానేసిన మందు

2023, కార్తీక మాసం. నాచారం పారిశ్రామికవాడకు ఆనుకొని ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. రోగి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా పని. మా చుట్టాల లెక్కలో మాత్రం నేను ‘సన్నబడే మందు ఇచ్చే పిల్ల’ని. లిఫ్ట్ పక్కన నాకో చిన్న గది ఉంది. టేబుల్ మీద ప్లాస్టిక్ ఇడ్లీ, ప్లాస్టిక్ చపాతీ, కప్పెడు ప్లాస్టిక్ అన్నం. ఎంత తినాలో చూపించడానికి పెట్టుకున్నవి. వాటిని చూసి నవ్వని రోగి ఇంతవరకు నాకు తగల్లేదు.

కార్తీకం వచ్చిందంటే మా ఓపీ నిండా నల్లబట్టలే. ఇక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో జనగామ, ఆలేరు, భువనగిరి వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువ. ఏడాదంతా ఆదివారం మటన్ లేనిదే ముద్ద దిగనివాళ్లు కూడా అయ్యప్ప మాల వేసుకున్నాక నీసు ముట్టరు. తాగుడు, సిగరెట్ బంద్. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక. వాళ్లకు ఎదురైన ప్రతి మగవాడూ స్వామి, ప్రతి ఆడమనిషీ మాత. మా రిసెప్షన్‌లో ఉండేది నిన్నగాక మొన్న కాలేజీ అయిపోయిన పిల్ల. తాత వయసు వాళ్లు కూడా ‘మాతా, టోకెన్ ఇయ్యి’ అంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతుంది.

స్టెంట్ పడినవాళ్లు గుండె డాక్టరును కలిసేముందు నా గది మీదుగా వెళ్లడం మా ఆసుపత్రిలో పద్ధతి. స్టెంట్ అంటే మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి లోపల పెట్టే సన్నటి లోహపు జాలీ గొట్టం. ఆ రోజు అలా వచ్చిన మనిషి వెంకటేశం. ఉప్పల్‌లో ఉంటాడు, గోదాములో పని. ఆ ఎండాకాలమే స్టెంట్ పడింది. మెడలో మాల. వెనకాల భార్య స్వరూప. ఆమె వెనకాల నెరిసిన గడ్డం, నల్లపంచెతో ఒక పెద్దమనిషి. ఆయన పేరు బాల్‌నర్సయ్య. వెంకటేశానికి అక్క భర్త, నాచారంలో ఒక టూల్స్ కంపెనీలో ఫిట్టరు. అంతకంటే ముఖ్యంగా ఉప్పల్‌లోని వాళ్ల పీఠానికి గురుస్వామి. కొత్తగా మాల వేసుకునేవాళ్లకు నియమాలు చెప్పేదీ, రోజూ మధ్యాహ్నం అందరికీ భిక్ష, అంటే భోజనం, వండించేదీ ఆయనే.

రోగి నోరు విప్పేలోపే గురుస్వామి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మాతా, ఒక్కటే అడుగుత. దిల్ మీద చెయ్యేసుకోని చెప్పు. నీసు బంజేస్తే గుండెజబ్బు ఆగుతదా, ఆగదా?”

జవాబు కోసం ఆగలేదు. సంచీలోంచి లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులు తీసి టేబుల్ మీద పరిచాడు. రక్తంలో కొవ్వులు ఎంతున్నాయో చెప్పే పరీక్ష అది. “మాల ఏసేముందు ఒకటి, తీసేముందు ఒకటి. ప్రతి యేడు చేపిస్త. ఇగో చూస్కో. మాలల ఉన్నన్ని దినాలు కొవ్వు దిగుతది. మాల తీసి మటన్ మొదలుపెడ్తే మల్ల ఎక్కుతది. ఇంకేం సాక్ష్యం గావాలె?”

నిజమే, రిపోర్టుల్లో అలాగే ఉంది. నాకు ముచ్చటేసింది. ఎవరో వాట్సాప్‌లో పంపింది నమ్మి వచ్చినవాడు కాడు, తన ఒంటిమీదే పరీక్ష చేసుకుని వచ్చాడు.

స్వరూప ఊరుకోలేదు. “మా నాయన కల్లు తాగుకుంట, మటన్ తినుకుంట ముసలిగయ్యేదాంక గట్టిగ ఉన్నడు అన్నా. ఆకులు తినేటోళ్లంత వందేండ్లు బతుకుతున్నరా?”

“నువ్వు జర ఆగు మాతా.”

“నన్ను మాత అనకు. ఇంట్ల ఈయన అనేది సాలదా?”

నాతోపాటు వెంకటేశం కూడా నవ్వాడు. నాకు వాదన అంటే ఇష్టం. నా పనిలో అది తక్కువగా దొరుకుతుంది. చాలామంది అన్నిటికీ తలూపి, ఇంటికెళ్లి ఎప్పుడూ తినేదే తింటారు. అందుకే నా అభిప్రాయం దాచకుండా చెప్పాను. కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు ఎక్కువగా, మాంసం తక్కువగా తినేవాళ్లకు గుండెజబ్బు, షుగర్ వచ్చే అవకాశం తగ్గుతుందని మా చదువులో చాలా గట్టిగానే చెబుతారు. కాబట్టి గురుస్వామి మాటలో నిజముంది. కానీ తగ్గుతుంది అనడం వేరు, రానే రాదు అనడం వేరు.

“ఇంకోటి గురుస్వామీ. మాలలో మీరు మానేసేది నీసు ఒక్కటేనా? తాగుడు లేదు, సిగరెట్ లేదు, నడక పెరిగింది, తొందరగా నిద్ర. కొవ్వు దిగింది దేనివల్ల?”

“అన్నీ స్వామి దయ.” ఆయన కాసేపు గడ్డం సవరించుకున్నాడు. “సరే, ఒప్పుకుంట. గాని కూరగాయల వల్ల గాదని నువ్వెట్ల చెప్తవ్?”

“చెప్పలేను.”

“గట్ల రా దారికి.”

మంచి దెబ్బే కొట్టాడు. నేనూ ఊరుకోలేదు. భిక్షలో ఏం పెడతారని అడిగాను. తెల్లన్నం, పప్పు, ఆలుగడ్డ వేపుడు, పులిహోర, అప్పడం, సేమియా పాయసం అని ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు.

“ఇందులో ఆకుకూర ఏది?”

గురుస్వామి ఆలోచించాడు. “పులిహోరల కరివేపాకు ఉంటది గద మాతా.”

స్వరూప పకపకా నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది. నీసు లేనంత మాత్రాన అది కూరగాయల భోజనం అయిపోదని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. అప్పుడు నేను వెంకటేశం వైపు తిరిగి, అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను. “మందులు రోజూ వేసుకుంటున్నారు కదా?”

ఆయన నా వైపు కాకుండా బావ వైపు చూశాడు.

“చెప్పు మరి,” అంది స్వరూప. నవ్వు మొహం మారిపోయింది. “మాల ఏసిన్నాటి సంది ముట్టలేదు మేడం. నేను మొత్తుకుంటనే ఉన్న. క్యాప్సూల్ నీసు అంట.”

సంగతేమిటంటే, వాళ్ల పీఠంలో ఒక స్వామి మందుల కంపెనీలో పనిచేస్తాడు. క్యాప్సూల్ పైతొడుగును జెలటిన్‌తో చేస్తారనీ, ఆ జెలటిన్ పశువుల ఎముకలు, తోళ్ల నుంచి వస్తుందనీ ఒకరోజు భిక్ష దగ్గర చెప్పాడు. విన్నవాళ్లందరూ గురుస్వామి వైపు చూశారు. దీక్షలో అది పనికిరాదు అని గురుస్వామి తేల్చేశాడు. వెంకటేశం గుండె మందు, అంటే రక్తం గడ్డకట్టకుండా ఆపేదీ కొవ్వు తగ్గించేదీ కలిపినది, ఒకే క్యాప్సూల్‌గా వస్తుంది. అది ఆగిపోయింది.

“అబద్ధమా చెప్పు మాతా?” గురుస్వామి గొంతు గట్టిపడింది. “దీక్షల ఉన్నోడు ఎముకల పొడి మింగాల్నా? ఎట్లాగు నీసు బంజేసిండు, గుండెకు ఫికర్ లేదనుకున్న.”

“అబద్ధం కాదు. చాలా క్యాప్సూళ్ల తొడుగు జెలటినే,” అన్నాను. కాదని బుకాయించి ఉంటే ఆయన ఆ క్షణమే లేచి వెళ్లిపోయేవాడు. “కానీ అవే మందులు విడివిడిగా గోలీల్లో దొరుకుతాయి. గోలీకి ఆ తొడుగు ఉండదు. డాక్టర్‌గారిని అడిగితే మార్చి రాసేవారు. తిండి రేపటి జబ్బును ఆపడానికి సాయం చేస్తుంది. ఈ మందు ఇవాళ ఆ జాలీలో రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. దాని పని ఇది చేయదు, దీని పని అది చేయదు.”

నాకు లోపల భయం మొదలైంది. స్టెంట్ వేసిన ఏడాదిలోపు ఆ మందు మధ్యలో మానేయడం ఎంత ప్రమాదమో మా ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లకు కూడా తెలుసు. మెట్లెక్కేటప్పుడు ఎట్లుంటుందని వెంకటేశాన్ని అడిగాను.

“జర పట్టేసినట్టు అయితది మేడం. చెమటలు వోస్తున్నయి. చెప్పుల్లేకుంట నడుస్తున్న గద, అలవాటు లేక అనుకున్న. పొద్దుగాల కూడ అయింది.”

ఇక టోకెన్లూ వరసలూ చూడలేదు. వీల్‌చైర్ తెప్పించి నేనే ఈసీజీ గదికి తోసుకెళ్లాను. గుండె కొట్టుకునే తీరును గీతల్లో చూపించే పరీక్ష అది. ఆ గీతలు చూసిన డాక్టరు వెంటనే క్యాథ్ ల్యాబ్‌కు ఫోన్ చేశారు. స్టెంట్లు వేసే గది అదే.

బయట బల్ల మీద ఒక చివర స్వరూప, మరో చివర గురుస్వామి కూర్చున్నారు. కాసేపటికి ఆయన లేచి నా దగ్గరికొచ్చాడు. “మా బామ్మర్దికి ఏం గాదు గద మేడం?” అన్నాడు. పొద్దుటి నుంచి వెంకటేశాన్ని స్వామి అనీ నన్ను మాత అనీ తప్ప పిలవని మనిషి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

స్వరూప తిడుతుందేమో అనుకున్నాను. ఆమె తిట్టలేదు. “తాగుడు మానుతడని నీ తానికి తోలిందే నేను అన్నా. మానిపించినవ్. గది నేను మర్వను,” అంది. ఆ తర్వాత కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

స్టెంట్ దగ్గర గడ్డ కట్టడం మొదలైందట. ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు, సమయానికి పట్టుకున్నాం అన్నారు డాక్టర్. వెంకటేశం గండం గట్టెక్కాడు. కానీ ఆ ఏడు శబరిమల కొండ ఎక్కడానికి వీల్లేదు. స్టెంట్ పడినప్పుడు మొక్కుకున్న మొక్కు అది. వార్డులో ఆ మాట విని ఆయన చిన్నపిల్లాడిలా మొహం పెట్టాడు. గురుస్వామి మంచం పక్కన కూర్చుని, “కొండ యాడికి పోదు స్వామీ. నువ్వుండాలె,” అన్నాడు. డిశ్చార్జి అయ్యాక ఇంటి దగ్గరి గుడిలో తన చేత్తోనే మాల తీశాడు.

ఆ తర్వాత ఒకరోజు గురుస్వామి ఒక్కడే నా గదికి వచ్చాడు. “పైలంగ తినుడు జబ్బు రాకుంట ఆపెతందుకు, మందు వచ్చినదాన్ని పట్టుకోని ఉంచెతందుకు. గంతేనా?” అని రెండుమూడుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. మా డాక్టరు గారు చెప్పినా ఇంతకంటే తేలిగ్గా చెప్పలేరు అన్నాను. ఆయన నవ్వలేదు. ఆదివారం భిక్షకు రమ్మని పిలిచాడు.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాల వెనక ఒక గల్లీలో షామియానా వేశారు. నల్లబట్టల స్వాములు వరసలుగా విస్తళ్ల ముందు కూర్చున్నారు. వడ్డన మొదలుకాకముందు గురుస్వామి మైకు తీసుకున్నాడు. ఏదో పురాణం చెబుతాడనుకున్నాను.

“స్వాములూ, క్యాప్సూల్ ముట్టొద్దని నేను చెప్పిన. గది తప్పు. నా మాట మీద నా బామ్మర్ది మందు బంజేసి సావు దాంక పోయి వచ్చిండు. మీల ఎవరెవరు మందులు ఆపిన్రో చేతులు లేపున్రి. శరం పడకున్రి. మొదటి చెయ్యి నాది. నేను గూడ నా మందు ఆపిన.”

చెయ్యి లేపి అలాగే నిలబడ్డాడు. ముందు వరసలో ఒక చెయ్యి లేచింది. తర్వాత దాని వెనక ఒకటి. ఆ తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి లేస్తూనే ఉన్నాయి. ఏ మందు ఆపారో ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్లాను. అందులో ఒకాయనకు ఫిట్స్ ఉన్నాయి. ఫిట్స్ ఆపే క్యాప్సూల్ మానేసి, రోజూ ప్రెస్ మెషిన్ దగ్గర చేతులు పెట్టి పని చేస్తున్నాడు. ఆ మనిషిని అక్కడే పక్కకు తీసుకెళ్లి డాక్టరుకు ఫోన్ కలిపాను.

మందుల కంపెనీ స్వామి తల వంచుకుని కూర్చున్నాడు. గురుస్వామి అది గమనించాడు. “ఆయన చెప్పింది నిజమే. ఆయన్ని ఎవ్వరు ఏం అనొద్దు. గా నిజం మీద డాక్టర్‌ని అడగకుంట ఫైసలా చేసింది నేను,” అని మైకు నాకిచ్చాడు. ఎవరెవరు ఏ మందు డాక్టరును అడిగి గోలీగా మార్పించుకోవాలో, అలా కుదరని మందు ఉంటే ఏం చేయాలో చెప్పాను. “గోలి లేకపోతే క్యాప్సూలే మింగున్రి. పాపం నా లెక్కల రాస్కున్రి,” అని వెనక నుంచి గురుస్వామి అన్నాడు. అందరూ ‘స్వామియే శరణం అయ్యప్ప’ అన్నారు. ఆ రోజు విస్తట్లో పాలకూర పప్పు, బీరకాయ కూర, జొన్నరొట్టె ఉన్నాయి. పాయసం మాత్రం మానలేదు.

గౌరవం అనేది గడ్డంతోనో, చదువుతోనో వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. తనను నమ్మిన అంతమంది ముందు నిలబడి తప్పు నాది అన్న మనిషిని మాత్రం ఆ గల్లీలోనే చూశాను. వెంకటేశం ఇప్పుడు పనికి వెళ్తున్నాడు. మాంసం బాగా తగ్గించాడు, గోలీలు తప్పడం లేదు. స్వరూపకూ గురుస్వామికీ మధ్య మటన్ గొడవ ఇంకా తేలలేదు. తేలాలని నాకూ లేదు.

శాకాహారం పెద్ద జబ్బులను ఆపుతుందా అని నన్ను ఇప్పటికీ వారానికొకరైనా అడుగుతారు. సాయం చేస్తుంది, మంచి పని చేస్తున్నారు అని మనస్ఫూర్తిగా చెబుతాను. ఆ వెంటనే, ప్లాస్టిక్ ఇడ్లీ పక్కకు జరిపి, వాళ్ల కళ్లలోకి చూస్తూ ఇంకో ప్రశ్న వేస్తాను. “ఇంతకీ, తిండి మార్చాక ఏ మందు మానేశారు?” నవ్వేసి ఏదీ మానలేదనేవాళ్లే ఎక్కువ. ఎప్పుడో ఒకరు మాత్రం జవాబు చెప్పకుండా పక్కనున్న మనిషి వైపు చూస్తారు. అప్పుడు నేను లేచి తలుపు వేసి, మందుల చీటీ అడుగుతాను.