నేను విప్పిన ముడి

మా ఊరి బడి పాత విద్యార్థులు అచ్చు వేయించిన క్యాలెండరు నిన్న పోస్టులో వచ్చింది. చుట్ట విప్పగానే గదంతా కొత్త సిరా వాసన. ఒక్కో నెల కింద బడి చరిత్రలో గుర్తుంచుకోదగ్గ ఒక్కో రోజు: పెంకులు కప్పిన రోజు, కరెంటు వచ్చిన రోజు. నవంబరు కింద నా పేరుంది, తేదీల పోటీలో గెలిచి బడి తరఫున ఖమ్మం వెళ్లిన మొదటి విద్యార్థినని. గెలిచిన మాట నిజమే. ఎట్లా గెలిచానో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

దమ్మపేట దాటాక అడవి మొదలయ్యే చోట మా బడి. నాన్న కోస్తా నుంచి వచ్చి పొగాకు వేసిన రైతు కావడంతో ఊళ్లో పేపరు మా ఇంటికే వచ్చేది, అదీ మధ్యాహ్నం బస్సుకు. అప్పటికి బడిలో ప్రార్థన ఎప్పుడో అయిపోయేది. అందుకని 'చరిత్రలో ఈ రోజు' అన్న తునకను కత్తిరించి, అట్టపెట్టెలో దాచి, మరుసటేడు అదే తేదీన నల్లబల్ల మీద రాసేవాణ్ణి. చరిత్ర ఏడాదిలో పాచిపోదులే అని సోషల్ సారు నవ్వేవారు. ముసురు రోజుల్లో తడిసిన చొక్కాల వాసన, పొయ్యి పొగ, హాస్టల్ పప్పుచారు కమ్మదనం కలిసిన ఆ వరండాలో, చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన రోజును సుద్దముక్కతో గుండ్రంగా రాస్తుంటే నాకే చంద్రుడు దొరికినంత గర్వంగా ఉండేది.

నేను రాసినవి చూడకుండా చెప్పగలిగింది సమ్మక్క ఒక్కతే. అడవి లోపలి గూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. ఎట్లా గుర్తుంటాయని అడిగితే, "గాంధీతాత ఉప్పు దీసిన దినం మేం ఇప్పపూలేరుతుంటం. బాంబేసిన దినం నాట్లేస్తుంటం. గంతే. నీకు అట్టపెట్టె గావాలె, పేపరాయనా" అనేది. అందరూ నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆ నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం బడిలో తేదీల పోటీ, ఏ రోజున ఏం జరిగిందో చూడకుండా చెప్పాలి. గెలిచినవాళ్లు ఖమ్మం వెళతారు. అదే వారం సమ్మక్క వాళ్ల గూడెంలో కొత్తల పండుగ. వేల్పులకు పెట్టందే కొత్త పంట నోట పెట్టరు. పండుగ ఏ రోజో పెద్దలు నిర్ణయించాక, వాళ్ల నాన్న మధ్యలో ఎన్ని రోజులుంటే అన్ని ముడులు వేసిన నారతాడు కూతురికి పంపేవాడు. చుట్టుపక్కల గూడేలకూ ఆయన వేసిన తాళ్లే వెళ్లేవి. రోజూ పొద్దున ఒక ముడి విప్పాలి, ఆఖరిది విప్పిన సాయంత్రం ఇంటికి బయలుదేరాలి. సమ్మక్క ఆ తాడును హాస్టల్ కిటికీ ఊచకు కట్టుకుంది. ఆఖరి ముడి శనివారానిది.

గురువారం పిల్లలంతా పళ్లేలు పట్టుకుని అన్నానికి వరుసలో ఉన్నప్పుడు నేను కిటికీ దగ్గరికి వెళ్లి ఒక ముడి విప్పాను. గోరు విరిగినంత పనైంది.

శుక్రవారం పొద్దునే తాడు అయిపోయింది. "నేనే లెక్క మరిచిన్నేమో" అనుకుంటూ సమ్మక్క ఆ సాయంత్రమే అడవి బాట పట్టింది. శనివారం నేను గెలిచాను. మైళ్ల కొద్దీ నడిచి సోమవారం సమ్మక్కను వెంటబెట్టుకొచ్చిన వాళ్ల నాన్నతో సారు అన్నారు: "తాడు మీద లెక్క బెడితే గిట్లనే ఉంటది. మంచి పిల్ల, అన్యాయమైపాయె."

ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేనే తప్పేసిన సారూ. ఒక ముడి తక్కువబడ్డది."

గెలిచినందుకిచ్చిన కొత్త పెన్ను జేబులో పెట్టుకుని నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. అడవివాళ్ల తాడు లెక్క అంటూ మా ఊళ్లో ఆ మాట ఏళ్ల తరబడి నవ్వులాటగా నడిచింది. మా ఇంట్లోనూ నడిచింది. నేనూ నవ్వాను.

ఈ పొద్దున క్యాలెండరు చుట్టి పట్టుకుని సమ్మక్క దగ్గరికి వెళ్లాను. గూడెం అంగన్‌వాడీలో టీచరు. పిల్లలకు గుడ్లు వలుస్తోంది. చెప్పవలసింది నిలబడే చెప్పేశాను.

"నాకు గప్పుడే ఎరికె. కిటికీకాడ నిన్ను సూసిన మా గూడెం పోరి పండుగకొచ్చి జెప్పింది" అంది, తలెత్తకుండా.

"మీ నాన్నకు?"

"ఇంటికాడనే జెప్పిన. 'పిల్లగాడు, పేరు దియ్యకు, దెబ్బలు దింటడు' అన్నడు."

ఆమె ఇంకో గుడ్డు తీసుకుంది.

"ఆ యేడు సంది అయ్య తాడు ముడెయ్యలే. ఎవరన్న అడిగితే, నా లెక్క తప్పిందని బడిల ఒప్పుకున్న, మల్ల ఏ మొకంతోని పంపాలె అనేటోడు. పోయేదాక గంతే. ఇప్పుడు పండుగంటే ఫోన్ల మెసేజ్ వస్తది."

మెలిక తిప్పి బిగించే ఆ ముడి ఎట్లా వేస్తారో చూపించమని అడిగాను.

సమ్మక్క చేతులు తుడుచుకుంది. "నాకు విప్పుడే వచ్చు" అంది. "ఏసుడు రాదు."