తిప్పయ్య తాత కలిపిన వరసలు

తిప్పయ్య తాతకు ఒకటే జబ్బు. కనిపించిన ప్రతివాళ్ళతో వరస కలపాలి. సూది వేయడానికి వచ్చిన డాక్టరును కూడా బామ్మర్దిని చేసుకుని, "బావకు ఎవురైనా ఇంత లావు సూది వేస్తారాప్పా?" అని నిలదీసేవాడు. ఊరు అడిగేవాడు, ఇంటిపేరు అడిగేవాడు, తాత పేరు అడిగేవాడు. కులం మాత్రం అడిగేవాడు కాదు. అడిగితే చుట్టరికం మధ్యలోనే తెగిపోతుందని ఆయన భయం.

1983లో మా తొమ్మిదో తరగతిని శనివారం శనివారం రాప్తాడు రోడ్డులోని వృద్ధాశ్రమానికి తీసుకుపోయేవాళ్ళు. తాత ధర్మవరంలో నలభై ఏళ్ళు మగ్గం నేసి అక్కడికి చేరినవాడు. మొదటిరోజే నన్ను గేటు దగ్గర పట్టుకున్నాడు.

"యా ఊరు పాపా?"

"గుంతకల్లు తాతా. మా నాయన రైల్వేలో పని చేస్తాడు."

"గుంతకల్లా! ఆడ రైలు మారకుండా ఎవురన్నా యాడికన్నా పోయినారా? అయితే మనోళ్ళే! హనుమంతమ్మకు మనవరాలయితావు. పోయి పక్కన కూచో."

లోపల మంచం మీదున్న ఆ అవ్వ పక్కన పోయి కూచున్నాను. రైలు మారితే చుట్టరికం ఎట్లా వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. గంటలో ముప్పై ఒక్కమందిమీ చుట్టాలమైపోయాం. మా తరగతి జయరాముడిని మాత్రం వరస కుదరలేదని మూడు మంచాల చుట్టూ తిప్పి, చివరికి డెబ్బై ఏళ్ళ ఓబమ్మకు మరిదిని చేశాడు. ఆమె వదిన హోదాలో వాడిని వారం వారం ఏడిపించేది.

ఇక మిగిలింది కదిరి నల్లమ్మ. గోడవైపు తిరిగి పడుకునేది. పలకరిస్తే "నాకెవురూ లేరు, పోండి" అనేది. ఆ ఒక్క మాట తప్ప ఏడాదిగా ఆమె నోట మరో మాట లేదు.

"లేకుండా యాడికి పోతారు? నేనింకా ఎదకలేదు, అంతే" అనేవాడు తాత.

అంతలో మా హెడ్మాస్టరు హుకుం జారీ చేశాడు. పరీక్షలొస్తున్నాయి, ఆశ్రమంలో సొంత బంధువులున్నవాళ్ళే పోవాలి. ఎవరికున్నారని అడిగితే ముప్పై ఒక్క చేతులు లేచాయి. ఆయనకు కళ్ళు ఎర్రబడ్డాయి. ఈ బంధుత్వాలేవో తేల్చి, అసలు శనివారాలే ఆపించేస్తానని మా వెంట తనే బయలుదేరాడు.

తాత గేటు దగ్గరే ఉన్నాడు. "ఏమప్పా సారూ, యా ఊరు మీది?"

"పెనుకొండ. అది కాదు పెద్దాయనా, ఈ పిల్లలు..."

"పెండ్లి యాడ చేసుకున్నారు?"

"కదిరిలో. నేనడిగేదేమంటే..."

"కదిరా!" తాత లోపలికి కేకేశాడు. "నల్లమ్మా, లెయ్యి! మీ అల్లుడు వచ్చినాడు!"

నల్లమ్మ చటుక్కున లేచింది. అల్లుడి ఎదుట నిలబడకూడదు కదా, కొంగు తలమీదికి లాక్కుని తలుపు చాటుకు పోయింది. అక్కడినుంచి గొంతు గట్టిగా వినబడింది. "చూస్తా నిలబడినారేంది? కుర్చీ వేయండి! కాఫీ తెండి! చక్కెర తగ్గనీయాకండి!"

హెడ్మాస్టరు చెప్పులు గడప దగ్గర విడిచి వచ్చి కూర్చున్నాడు. రెండు గ్లాసులు తాగాడు. శనివారాల ఊసే ఎత్తకుండా, "పోయొస్తానత్తమ్మా" అని తలుపుకు చెప్పి లేచాడు.

నేను ఉండబట్టలేక అడిగాను. "తాతా, అందరికీ వరసలు కలిపినావు. నువ్వు మాకేమవుతావో చెప్పనే లేదే?"

"నాకెందుకు పాపా? నాకు నోరుండాది. ఎవుర్ని పిలిచినా వచ్చి కూచుంటారు. పిలవలేనోళ్ళకే కదా చుట్టాలు కావాల్సింది?"

ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి నవ్వినందుకు సిగ్గేసింది. అప్పుడే ఆయన మీద పట్టరానంత ప్రేమా కలిగింది.

మరుసటి శనివారం మేం పోయేసరికి హెడ్మాస్టరు మాకంటే ముందే వచ్చి ఉన్నాడు, భార్యను వెంటబెట్టుకుని. నల్లమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. కాసేపటికి తలుపు వెనకనుంచి కేక.

"ఏమప్పా అల్లుడా! నా బిడ్డ ఇట్ల చిక్కిపోయినాదేంది? తిండి పెడతాండావా, లేదా?"

బడినంతా గడగడలాడించే మా హెడ్మాస్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెడతాండా అత్తమ్మా!"