సవతికి రోలర్లు

ఆ రోజుల్లో నాకు తెలిసిన అసూయంతా పక్కింటావిడ చీర దగ్గరో, వదిన గాజుల దగ్గరో ఆగిపోయేది. ఒక పడవను చూసి కడుపు మండుతుందని త్రిపురారంలో ఉన్నన్నాళ్లూ అనుకోలేదు. పెళ్లయి సూర్యాపేట వచ్చాక తెలిసింది. మా ఆయన చివ్వెంల వైపు చెరువులు గుత్తకు తీసుకుని చేపలు పెంచేవాడు. ఆయనకో నీలం రంగు ఫైబర్ పడవ. దాన్ని ట్రాలీ మీదికెక్కించి, జీపు వెనక తగిలించి, చెరువు నుంచి చెరువుకు తిప్పేవాడు. నా కొత్త చీర కంటికి ఆనేది కాదు గానీ, పడవ అడుగున వెంట్రుకంత గీత పడితే అన్నం సహించేది కాదు.

ఒక ఉదయం "జల్ది తయారవ్, కోదాడ పోదాం" అన్నాడు. సినిమాకేమోనని పూలు కూడా పెట్టుకున్నాను. (అత్తమ్మ ఎందుకు నవ్విందో అప్పుడు అర్థం కాలేదు.) బైకు నేరుగా వెళ్లి ట్రాలీల సామాను అమ్మే షాపు ముందు ఆగింది. పడవను మోసే రబ్బరు రోలర్లు అరిగిపోయి, ఇనుము తగిలి దాని అడుగు గీసుకుపోతోందట.

"రోలర్లైతే పడవ తేలిగ్గా దొర్లుద్దండీ," అన్నాడు షాపాయన. "చెక్క పట్టీలైతే అడుగంతా ఆనుకుని కూర్చుంటది. పైన మెత్తటి కార్పెట్ కూడా వేసిస్తాం. మీ ఇష్టం."

మా ఆయన కార్పెట్ ముక్కను నిమిరి, చెంపకు ఆనించుకున్నాడు. "మస్తు మెత్తగున్నది. దానికి సుఖంగుంటది," అన్నాడు. ఇంట్లో మేం పడుకునేది చాప మీద!

"నువ్వేమంటవ్?" అని నా వైపు తిరిగాడు.

"రోలర్లే," అన్నాను ఠక్కున. రోలర్ల గురించి నాకు ఓనమాలు తెలియవు. ఆవిడగారు కార్పెట్ మీద పడుకోకూడదు, అంతే.

కొత్త రోలర్లు బిగించాక "నువ్వు చెప్పినవే గదా, సూద్దువు రా" అని నన్నూ చెరువుకు తీసుకెళ్లాడు. జీపును వెనక్కి నడిపి, ట్రాలీని ఒడ్డు వాలులో నిలిపి, పడవకు కట్టిన తాడు విప్పాడు. ఇదివరకు ఇద్దరు ఊపిరి బిగబట్టి తోస్తే గానీ కదలని పడవ, ఈసారి ఎవరూ తాకకుండానే సర్రున జారి, ఆయన ఫోనునూ టిఫిన్ డబ్బానూ వేసుకుని చెరువు నడుమకు వెళ్లిపోయింది.

"ఏయ్, ఆగు! ఆగవే!" అని అరిచాడు. ("ఆగవే" అట! నేను విన్నాను.) ఆ వెంటనే బట్టలతోనే దూకేశాడు. నాకు నవ్వు ముంచుకొచ్చింది. ఇంతలో పడవ దాకా వెళ్లిన ఆయన తల నీళ్లలో మునిగింది. మళ్లీ కనబడలేదు.

"పైకి రా! కార్పెటే ఏపిద్దాం, జల్ది రా!" అని గొంతు చించుకున్నాను.

పడవకు అవతలి పక్క తేలాడు, అంచు పట్టుకుని నవ్వుతూ. "కార్పెట్ ఎందుకే? నీ రోలర్లు కిరాక్ ఉన్నయ్! తోసే పనే లేదు!"

ఆ తర్వాత మిర్యాలగూడ దాకా తెలిసిన వాళ్లందరికీ "మా ఇంటామె సెలక్షన్" అని చెప్పుకున్నాడు. షాపులో నేను రోలర్లే అని ఎందుకన్నానో ఈనాటికీ ఆయనకు తెలియదు. నాకు మాత్రం ఆ రోజు చెరువు దగ్గరి పిల్ల, అప్పటి నేనే, అప్పుడప్పుడూ కనబడుతుంది. ఆయన పడవెక్కి ఒడ్డుకు వస్తుంటే, చెప్పులు చేత పట్టుకుని, నడుము లోతు నీళ్లలో నిలబడి ఉంది. ఎప్పుడు దిగిందో దానికే తెలియదు. ఈత రాదన్న సంగతి కూడా మరిచిపోయింది, పిచ్చిది.