అరచేతికి దొరికిన మోత

పెద్దమేస్త్రికి కుడిచెవి పనిచేయడం మానేసి రెండేళ్లయింది. ఎడమది కూడా దాని దారే పట్టే ఆలోచనలో ఉంది. ఈ సంగతి మెకానిక్ షెడ్డులో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియదని అనుకునేవాడు ఆయనొక్కడే. కారు ఇంకా వీధి మలుపులో ఉండగానే దాని జబ్బేమిటో చెప్పేసిన మనిషి మరి. అలాంటివాడికి చెవులే మొండికేస్తే ఎవరితో చెప్పుకుంటాడు?

షెడ్డు నడిపేది తమ్ముడు. మంచివాడే, కాని అన్నగారిని బల్ల వెనక కుర్చీలో కూర్చోబెట్టాలని ఎప్పటినుంచో చూస్తున్నాడు. ఎప్పుడూ ఈ షెడ్డుకే వచ్చే టీచరమ్మ కారుతో వంక దొరికింది.

చక్రం మోగుతోందని ఆవిడ తెస్తే, ఆ కారుకి ముందువైపు కుడిచక్రం బేరింగు మార్చింది పెద్దమేస్త్రే. మూడోరోజు పొద్దున్నే ఆవిడ తిరిగొచ్చింది. మోత కాస్త తగ్గిందట గాని పోలేదట. వేగం పెరిగేకొద్దీ అదే రొద, అదే మూల నుంచి. తమ్ముడు తోలి చూసి, ముఖం ముడుచుకుని దిగాడు.

"అన్నయ్యా, కొత్త బేరింగు ఎక్కించేటప్పుడు దెబ్బ తగిలుంటుంది. నీకు వినబడలేదు. రేపట్నుంచి నువ్వు కుర్చీలో కూర్చో, పని మేం చూసుకుంటాం."

బయటి మనిషి ముందే తమ్ముడు అలా అనేసరికి పెద్దమేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ముప్ఫై ఏళ్లుగా గ్రీజు వదలని చేతులవి. వాటిని కుర్చీలో పెట్టుకుని ఏం చేసుకోవాలి? బాధా కలిగింది, కోపమూ వచ్చింది. రెంటినీ మింగేసి జాకీ తెచ్చాడు.

"దీని సంగతి తేలాక కూర్చుంటాను."

చక్రం పైకి లేపి, దాని వెనకున్న లావుపాటి స్ప్రింగు మీద ఎడమచెయ్యి వేసి, కుడిచేత్తో చక్రాన్ని గిర్రున తిప్పాడు. బేరింగు చెడితే దాని వణుకు స్ప్రింగులోకి పాకుతుంది. చెవులు మొరాయించినప్పటి నుంచి ఎవరికీ చెప్పకుండా ఆయన అలవాటు చేసుకున్న పద్ధతి ఇది. స్ప్రింగులో ఉలుకూ పలుకూ లేదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. బిగువుగా ఉంది. ఎడమ చక్రమూ అంతే. బేరింగు బంగారం.

మరి మోత ఎక్కడిది? టైరు మీద అరచెయ్యి వేసి నిమిరాడు. ఒకవైపు నిమిరితే నున్నగా జారింది. ఎదురు నిమిరితే లోపలి అంచున మెట్లు మెట్లుగా తగిలింది. పాత బేరింగు వదులై నెలల తరబడి చక్రం ఊగిసలాడుతుంటే టైరు ఎగుడుదిగుడుగా అరిగిపోయిందన్నమాట. దొంగలు ఇద్దరైతే ఒకణ్ణి పట్టుకుని రెండోవాణ్ణి బండెక్కించి పంపాడు తను. ఆ రోజే టైరు నిమిరి చూడకపోవడం తన తప్పేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు.

తమ్ముడు నమ్మలేదు. అది ముమ్మాటికీ బేరింగు రొదేనన్నాడు. పెద్దమేస్త్రి వాదనకి దిగకుండా ముందువైపు కుడిచక్రాన్ని వెనక్కీ, వెనకదాన్ని ముందుకీ మార్చి బిగించాడు. బేరింగు ఉన్నచోటే ఉంటుంది, టైరు మాత్రమే చోటు మారుతుంది. టీచరమ్మని తోలమని, తమ్ముణ్ణి వెనక సీట్లో కూర్చోమన్నాడు.

"మీరెళ్లి రండి. నాకెలాగూ వినబడదు."

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. తమ్ముడు తలొంచుకుని కారెక్కాడు.

పావుగంటకి తిరిగొచ్చారు. ముందువైపు ఏ చప్పుడూ లేదని టీచరమ్మ నవ్వుతూ చెప్పింది. తమ్ముడు నెమ్మదిగా దిగాడు.

"నా సీటు కిందే మోగుతోంది, అన్నయ్యా. మోత చక్రంతోపాటు వెనక్కొచ్చేసింది."

పెద్దమేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయి మీసం మెలేశాడు. తెల్లబడ్డ మీసం గ్రీజుతో కాసేపు నల్లబడింది. పాతికేళ్లు తగ్గినట్టే ఉన్నాడని అందరూ ఒకటే నవ్వు.

తమ్ముడు నవ్వలేదు. పక్కనే జాకీ మీదున్న ఇంకో కారు దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు.

"చెయ్యి ఎక్కడ వెయ్యాలో నాక్కూడా చూపించు."

అన్న వాడి చెయ్యి పట్టుకుని స్ప్రింగు మీద పెట్టి, కళ్లు మూసుకోమని చక్రం తిప్పాడు. కొత్త టైరు వచ్చేదాకా బల్ల వెనక కుర్చీలో టీచరమ్మ కూర్చుంది.