చెప్పకుండా వెళ్ళిపోయిన డ్రమ్మర్

మా కింది ఫ్లాట్ అంకుల్ మంగళవారం పొద్దున గుండెపోటుతో పోయారు. మన న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో ఇంతమంది పెద్దలుండగా, డ్రైవింగ్ టెస్టు మూడోసారికి పాసైన నేను ఆయన స్మృతి రాయడానికి పూనుకోవడం మహాపరాధం. సంగీత సరస్వతి, ఆస్ట్రేలియా ఖండం, ఈ తెలుగు మెయిలింగ్ లిస్టు నిర్వాహకులు నన్ను వరసగా క్షమించాలి.

మీకు ఆయన ఉగాది ఫంక్షన్‌లో మైకు కీచుమంటే పరుగెత్తుకొచ్చే మనిషిగానే తెలుసు. వెనకటికి మెల్‌బోర్న్‌లో కెమిస్ట్రీ చదువుతూ ఆయన ఒక రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించారు. నలుగురు మనుషులు, ఒక డొక్కు వ్యాను, రెండు పాటల చిన్న రికార్డు, మొత్తం తొమ్మిది నెలల ఆయుష్షు. బ్యాండ్ పేరు రాయను. అందులో ఒక మాట పెద్దల ముందు అనేది కాదని ఆంటీ అభ్యంతరం.

ఊరూరా కచేరీలకు బయల్దేరడానికి రెండు రోజుల ముందు అంకుల్‌కి అమెరికా ఉద్యోగం ఖాయమైంది. "చెబితే వాళ్ళ మొహాలు చూడాలి కదయ్యా. భయమేసి, చెప్పకుండా ఫ్లైటెక్కేశా," అన్నారు ఓసారి లాండ్రీ రూములో. డ్రయర్ మీద వేళ్ళతో దరువెయ్యడం ఆయన అలవాటు. ఆ మాట అంటున్నప్పుడు వేళ్ళు ఆగిపోయాయి.

ఆ బ్యాండ్ చరిత్రను ఇంటర్నెట్‌లో ఎవరో నాలుగు వాక్యాల్లో తేల్చేశారు. నిరుడు దాన్ని వెతికి చూపించింది నేనే, ఏదో ఘనకార్యం చేసినట్టు. నాలుగో వాక్యం: డ్రమ్మర్ చెప్పకుండా మాయమవడంతో బ్యాండ్ ముగిసింది.

"అంటే వాళ్ళకింకా నామీద కోపమేనా?"

"అది రాసినవాడు అప్పటికి పుట్టి కూడా ఉండడంకుల్."

"పాడేవాడి ఈమెయిల్ అడ్రస్ వెతికిపెట్టు. ఒక్క సారీ చెప్పుకుంటా. కంప్యూటర్ సైన్సేగా వెలగబెట్టావు?"

అప్పటికి నా ఓపీటీలో, అదే చదువయ్యాక ఇక్కడ పనిచెయ్యనిచ్చే అనుమతిలో, ఉద్యోగం వెతుక్కోవడానికి పందొమ్మిది రోజులే మిగిలాయి; దాటితే ఇండియా ఫ్లైటే. రిక్రూటర్ ఫోను కోసం నేను, అడ్రస్ కోసం ఆయన, ఇద్దరం మెట్ల మీద కూర్చుని గోళ్ళు కొరికేవాళ్ళం. "కంగారంతా నా డిపార్ట్‌మెంటు. నువ్వు తిను," అంటూ అంకుల్, ఆంటీ చేసిన ఉప్మా ప్లేటు నా వైపు తోసేవారు. ఉద్యోగం ఆఖరి వారంలో వచ్చింది. అంతవరకూ నన్ను నిలబెట్టింది ఆ ఉప్మాయే.

మొత్తానికి ఒక అడ్రస్ ఇచ్చాను. ఆయన నాలుగు రోజులు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి పంపారు. ఇక రోజూ మా తలుపు తట్టి, "చూశాడంటావా? చూసి ఊరుకున్నాడంటావా?" అని అడిగేవారు. మనిషి సగమైపోయారు. పదకొండో రోజు జవాబొచ్చింది.

"కోపం ఎప్పుడో పోయింది. నువ్వున్నా ఆ బ్యాండ్ క్రిస్మస్ దాటేది కాదు. ఆరోగ్యం జాగ్రత్త. వేళకి తింటున్నావా?"

అంకుల్ రెండుసార్లు చదివారు. "వీడు జన్మలో నన్ను తిన్నావా అని అడగలేదయ్యా. తాగావా అనేవాడు."

నా మొహంలోకి చూశారు. నేను గోడకున్న క్యాలెండర్ని శ్రద్ధగా చదివాను.

"వయసొచ్చి బాగుపడ్డట్టున్నాడు. ప్రింటు తియ్యి," అన్నారు. అది ఇప్పటికీ వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీదుంది.

నిన్న ఆంటీ నన్ను పిలిచారు. "నాన్నా, ఆ పాటగాడికి మెయిల్ పెట్టాను. ఆదివారం సంతాప సభలో చదవడానికి నాలుగు ముక్కలు రాయమన్నా. అంత మంచివాడు, రాస్తాడు కదూ?"

"రాస్తాడాంటీ."

ఆ మాట అన్నప్పటి నుంచీ నాకు అన్నం సహించడం లేదు.

ఆంటీ, ఎదురుచూడకండి. ఆ పాటగాడి అడ్రస్ నాకెక్కడా దొరకలేదు. దొరకలేదని ఆయన మొహం చూసి చెప్పలేక, అతని పేరుతో ఒకటి నేనే తెరిచాను. జవాబు రాసిందీ నేనే. మీ మెయిల్ నిన్న మధ్యాహ్నం అందులోకి వచ్చింది. ఇంకా తెరవలేదు. తెర మీద మీ పేరు లావాటి నల్ల అక్షరాల్లో అలాగే ఉంది.