తువ్వాలు మీద ఇంటూ గుర్తు

పెట్టె అడుగున దొరికిన నాన్న ఎర్ర తువ్వాలులో, ఎన్నిసార్లు ఉతికినా వదలని గ్రీజు వాసన, దాని వెనకే బార్ సబ్బు వాసన ఇంకా ఉన్నాయి. దాన్ని ఇవాళ వెతికి తీసింది మురిపెంతో కాదు, ఒళ్ళు మండి. ఛత్తీస్‌గఢ్‌లో కుమ్హారి దగ్గర లేచిన ఈ అపార్ట్‌మెంట్‌లో నేను గ్రాఫిక్ డిజైనర్‌నని తెలుసుకున్న సెక్రటరీ పొద్దున్నే వచ్చి, బాల్కనీల్లో ఏదీ ఆరేయకూడదని బోర్డు తయారుచెయ్యమన్నాడు. తువ్వాలు బొమ్మ గీసి, దాని మీద ఎర్రగా ఇంటూ కొట్టాలట. బట్టలు కనబడితే బిల్డింగ్ అందం పోతోందట. అందమట, అందం!

ఖుర్సీపార్‌లో చిన్నప్పటి మా స్టీల్ ప్లాంటు క్వార్టర్ మేడ మీద ఉండేది. మా బాల్కనీకీ పక్కింటి బాల్కనీకీ మధ్య జానెడు సందు. చలికాలం పచ్చి బటానీలు ఒలుచుకుంటూ, ఎండాకాలం ఇటు అమ్మ గుమ్మడి వడియాలూ అటు ఆవిడ నువ్వుల బిజౌరీలూ ఎండబెట్టి కాకుల్ని తోలుకుంటూ, హిందీ రాని అమ్మా, తెలుగు రాని ఆ ఛత్తీస్‌గఢీ ఆవిడా గంటలకొద్దీ కబుర్లాడుకునేవారు. అమ్మతో సహా అందరం ఆవిడని దీదీ అనేవాళ్ళం. ఆవిడ అమ్మ దగ్గర పట్టుకున్న తెలుగు ముక్క ఒక్కటే: "ఏటయింది?"

నాన్న ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకోగానే అమ్మ ఈ ఎర్ర తువ్వాలుని బాల్కనీ ఊచలకి కట్టేది. మా లైన్లో ప్రతి ఇంటా అదే పద్ధతి. అది కనబడగానే కింద పిట్టూ ఆడుతున్న మేం పెంకులూ బంతీ ఏరుకుని లైను చివరికి పోయేవాళ్ళం, కూరగాయలాయన కేక మింగేసేవాడు, దీదీ రేడియో తగ్గించేది. మధ్యాహ్నం నాన్న లేవగానే అమ్మ దాన్ని విప్పేసేది. అక్షరం ముక్క లేని ఆ గుర్తుని చదవలేనివాళ్ళు మా లైన్లో లేరు. నేను నేర్చుకున్న మొదటి డిజైన్ అదే.

ఒక చలికాలం అమ్మకి జ్వరమొచ్చింది. వణుకు ఆగక మేం సిగ్డీ అనే బొగ్గుల కుంపటిని గదిలోకి తెచ్చుకుని, తలుపులన్నీ బిగించి, నిద్రపోతున్న నాన్న పక్కనే పడుకుంది. బడి నుంచి వచ్చిన నేను తువ్వాలు చూసి, తలుపు కొట్టకుండా దీదీ బాల్కనీలో కూర్చుని బటానీలు తింటున్నాను. ఎండ వాలిపోతోంది. ఇంకా విప్పని తువ్వాలు కంటబడి దీదీ చేతిలో చేట ఆగింది.

"అరే, అభీ తక్ తౌలియా? అమ్మా! ఏటయింది?"

మళ్ళీ గట్టిగా పిలిచింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఆ సందు మీదుగా మా బాల్కనీలోకి దూకి, తలుపుని కాలితో తన్నింది. సిగ్డీ పొగ గుప్పుమంది. ఇద్దరినీ రెక్కలు పట్టి బయటికి ఈడ్చి మొహాన నీళ్ళు కొట్టింది. కళ్ళు తెరిచిన అమ్మ నన్నే చూసింది.

"ఏటే, అలగ ఏడస్తన్నావు? నానున్నాను గదే!"

నాకు అమ్మానాన్నలు మిగిలింది ఆ జానెడు సందు వల్ల, ఆ తువ్వాలు వల్ల, దాన్ని చూసే అలవాటున్న ఒక మనిషి వల్ల. దాని మీద నేను ఇంటూ కొట్టాలా? నా చేతులు పడిపోనూ!

బోర్డు గియ్యనని సెక్రటరీకి చెప్పేశాను. తువ్వాలు తెచ్చి నా బాల్కనీకి కట్టాను. ఇక్కడ సందు లేదు, పక్కింటికీ నాకూ మధ్య మసక గాజు గోడ ఉంది. దాని వెనక ఉండేది ఎవరో మూడేళ్ళుగా నాకూ తెలియదు, నేనేమన్నా తక్కువ తిన్నానా! మధ్యాహ్నం దాటింది, ఎండ వాలింది, ఎదురు బ్లాకులో దీపాలు వెలిగాయి. తువ్వాలు అలాగే ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, తలుపు వైపే చెవి పెట్టుకుని కూర్చున్నాను.

బెల్లు మోగింది. పరుగెత్తాను. వాచ్‌మన్. తౌలియా తీసెయ్యమన్నారని చెప్పి, ఎవరో దాన్ని ఫోటో తీసి బిల్డింగ్ గ్రూపులో పెట్టారని నసిగాడు. ఫోన్ తెరిచి చూశాను. నా బాల్కనీయే. నాకు జరిమానా వెయ్యాలన్న మాట కింద వరసగా మెచ్చుకోలు బొటనవేళ్ళు.

ఇంతమంది చూశారు. ఏటయింది అని ఒక్కరూ అడగలేదు.